గంజి పెట్టిన పత్తి బొమ్మ

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వేసవిలో, కర్నూలు ఎడిషన్‌లో స్టాఫ్ రిపోర్టర్‌గా ఉన్న నన్ను ఎమ్మిగనూరులో చేనేత ప్రదర్శన వార్తకు పంపారు. ప్రారంభం మర్నాడు. ఏర్పాట్ల మీద చిన్న వార్త ఇస్తే చాలు. జిల్లా పేజీ సాయంత్రానికి మూసేస్తారు కాబట్టి ఆలోగా పంపాలి.

హాల్లోకి వెళ్లేసరికి గొడవ. మగ్గం నేసే రంగప్ప ఇంటి నుంచి పాత కాగితం మీది పత్తిమొక్క బొమ్మ ఒకటి తెచ్చాడు. పసుపు పువ్వు, పగిలిన కాయ, పక్కన కోసి చూపిన గింజ. ప్రదర్శన కమిటీ పెద్ద వీరేశప్ప దాన్ని గోడ మీది నుంచి దింపించాడు.

"ఏమప్పా రంగా, యా కేలండర్ చింపుకొచ్చినావు? తళతళా మెరుస్తాండాది. పాత కాగితం ఇట్ల మెరుస్తాదా?"

"మా జేజినాయనకు తెల్లదొర ఇచ్చింది వీరేశన్నా. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లోనే ఉండాది."

"దొరా పోయె, మీ జేజినాయనా పోయె. సాక్షిని యాడనుంచి తెస్తావు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రంగప్ప నా వైపు తిరిగాడు. "పేపరోళ్లు కదా, మీరే చూసి చెప్పండి సార్. దొంగ బొమ్మ తెచ్చినాననుకుంటే ఈ ఊర్లో నా మాట ఇంక ఎవురూ నమ్మరు."

రిపోర్టర్ కాకముందు నేను అచ్చు విభాగంలో ఉన్నాను. రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడ్డాయో లేదో చూసే చిన్న భూతద్దం అప్పటినుంచీ నా సంచిలోనే ఉంటుంది. పత్రిక ఫొటో గానీ కేలండర్ బొమ్మ గానీ దాని కింద చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.

రంగప్ప బొమ్మలో ఒక్క చుక్క లేదు! ఆకుల ఈనెలన్నీ తెగని సన్నటి నల్లగీతలు. రాగిరేకు మీద గీతలు చెక్కి, సిరా నింపి, కాగితం మీద అదిమి తీసే పద్ధతి అది. ఆ తర్వాత ఒక్కో ప్రతికీ కుంచెతో రంగు వేసేవారు. బొమ్మ చుట్టూ రేకు నొక్కుకున్న గాడి వేలికి తగిలింది.

వీరేశప్ప తగ్గలేదు. "చుక్కలు లేకపోతే లేవు సార్. మెరుపు సంగతేంది?"

అది తేలకుండా వార్త రాయలేను.

చీరలు సర్దుతున్న రంగప్ప భార్య లక్ష్మమ్మ అక్కడినుంచే అందుకుంది. "అది గంజి సార్! కాగితం పొడిపొడిగా రాలతాందని పోయినేడు ఈయప్ప పడుగుకు పెట్టే గంజే పల్చగా పూసి, ఆరినాక గిన్నెతో రుద్దినాడు. వద్దంటే ఇంటాడా?"

"నూలు గట్టిపడతాది గదా, కాగితం గట్టిపడదా?" అన్నాడు రంగప్ప. నేతలో తెగకుండా మగ్గం మీది నిలువు పోగులకు, అంటే పడుగుకు, గంజి పెట్టడం వాళ్లకు రోజూ ఉండే పని.

మళ్లీ భూతద్దం పెట్టాను. గంజి కుంచె నడిచిన దారిలో ఆకుపచ్చ నీటిరంగు తడికి కరిగి గీత దాటి పక్కకు పాకింది. నూనె సిరాతో అచ్చైన నల్లగీత మాత్రం కదల్లేదు. గీతది అచ్చు, రంగు చేతిది! "వీరేశప్పా, ఇట్లా రండి!" అని దాదాపు అరిచాను.

ఆయన భూతద్దం తీసుకుని చూశాడు. "శానా బాగుండాది రంగా. బొమ్మకు గంజి పెట్టినోనివి, రెండు పక్కలా అంచు కూడా నేసుంటే సరిపోయేది!" అంటూ తానే తీసుకెళ్లి గుమ్మం ఎదురుగా తగిలించాడు. రంగప్ప మేకు సరిచేశాడు.

ఎన్నేళ్లదని ఎడిషన్ ఇన్‌చార్జి ఫోన్‌లో అడిగారు. తెలియదన్నాను. చేత్తో రంగులు వేసిన పాత రాగిరేకు అచ్చు అనీ, ఇంటివాళ్లు దానికి గంజి పెట్టారనీ మాత్రమే రాశాను. బొమ్మ ఎలా తయారైందో భూతద్దం చెప్పింది. ఆ తర్వాత దానికి ఏం జరిగిందో ఇంట్లోవాళ్లే చెప్పాలి. అప్పటినుంచి పాత వస్తువు మీద వార్తకు వెళ్లినప్పుడు, ఎన్నాళ్లదని అడిగేముందు, ఇన్నాళ్లూ దాన్ని ఎలా చూసుకున్నారని అడిగేవాణ్ని.