చుక్క లేని వ్యాసం

దమన్‌హూర్‌లో కళాశాల గేటుకు ఎదురుగా, ఉడికిన చిక్కుడుగింజల ఫూల్ అమ్మే బండికీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఒక జిరాక్స్ కొట్టుంది. అది ఇన్సాఫ్‌ది. పేరుకు జిరాక్స్ కొట్టే గాని అక్కడ అసలు అమ్ముడయ్యేవి వ్యాసాలు. కుర్రాడు ఆదివారం చీటీ మీద విషయం రాసిచ్చిపోతాడు. గురువారానికల్లా పన్నెండు పేజీల వ్యాసం నీలం అట్టతో, స్పైరల్ బైండింగుతో, కుర్రాడి పేరుతో తయారు. ఆ పేరొక్కటే వాడి సొంతం. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. ఇన్సాఫ్ టైపు చేసిన వ్యాసాలతో పట్టాలు పుచ్చుకున్నవాళ్లు ఇప్పుడు ఊళ్లో పెద్ద పెద్ద కుర్చీల్లో ఉన్నారు. దారిలో ఎదురైతే ఎరగనట్టు పోతారు. పోనీండి, వాళ్ల పట్టాలకు లామినేషన్ చేసింది కూడా ఆమే.

ఏ విషయమైనా వ్యాసానికి మొదట ఒక పీఠిక ఉండాలి. బడిలో నేర్పేదే అది. పీఠిక ఘనంగా ఉంటే లోపల ఏమున్నా చెల్లుతుందని పంతుళ్ల నమ్మకం. ఇన్సాఫ్ దగ్గర అలాంటి పీఠిక ఒకటుంది. పదిహేనేళ్ల వయసులో చదువు మీద వ్యాసం రాస్తూ, “దారి తప్పిన బాటసారికి చుక్క ఎలాగో, జాతికి చదువు అలాగ” అని మొదలుపెడితే, పంతులుగారు దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి చప్పట్లు కొట్టించారు. ఆ యేడే తండ్రి పోయాడు, చదువు ఆగింది. ఆమె బుర్రలోంచి పుట్టిన వాక్యం ఆ ఒక్కటే. దాన్నే ఇరవై రెండేళ్లుగా అందరికీ అతికిస్తోంది. చదువు అన్న మాట తీసి నీటి పొదుపు పెడితే నీటి పొదుపు, స్త్రీల హక్కులు పెడితే స్త్రీల హక్కులు. ఎవరూ అడగలేదు, ఎవరూ నవ్వలేదు.

ఊరందరి చదువులూ తన చేతుల మీదుగా పోతుంటే, నలభై ఎనిమిదో ఏట ఇన్సాఫ్‌కు పంతం వచ్చింది. ఎదురుగా ఉన్న ఆ కళాశాలలోనే, శుక్రవారాలు పెద్దవాళ్ల కోసం నడిపే కోర్సులో చేరింది. భర్త పోయాడు, పిల్లలు ఎవరి కాపురాల్లో వాళ్లున్నారు. కొట్లో తోడుగా ఉండేది మక్కా యాత్ర చేసొచ్చి హగ్గా అనిపించుకున్న అత్తగారు, హగ్గా వగీదా ఒక్కతే. నాలుగేళ్లలో అన్ని పేపర్లూ గట్టెక్కాయి. మిగిలింది ఒక్క వ్యాసరచన. నవ్వొస్తుందా? ఇన్సాఫ్‌కు రాలేదు. పోయినేడాది అదే పేపరు పోయింది. ఈసారి కూడా పోతే పేరు కొట్టేస్తారు, పట్టా మాట మరిచిపోవాల్సిందే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటే ఇదే.

“జాతి పురోగతిలో స్త్రీ పాత్ర” అని పెద్ద పేరు పెట్టి ఇరవై పేజీలు ఇచ్చింది. తరువాతి శుక్రవారం డాక్టర్ సఫీనాజ్ ఆమెను మూడో అంతస్తులోని తన గదికి పిలిపించింది. వ్యాసరచన పాఠం చెప్పే ఈ సఫీనాజ్ అక్కడికి కొత్త. ముక్కు మీద కళ్లద్దాలు, చేతిలో ఎర్ర పెన్ను, మొహంలో నవ్వన్నది లేదు.

“మొదటి పేరా ఎక్కడిది?” అంది.

“నాదే డాక్టరమ్మా.”

డాక్టరమ్మ పక్కనున్న దొంతరలోంచి ఒక నీలం అట్ట తీసి ముందుకు తోసింది. “చదువు.”

“దారి తప్పిన బాటసారికి చుక్క ఎలాగో, జాతికి పర్యావరణం అలాగ.”

“ఇది?”

“...జాతికి రోడ్డు ప్రమాదాలు అలాగ.”

“ఇదీ చదువు. సిగ్గుపడకు.”

“...జాతికి మత్తుమందులు అలాగ.”

“జాతికి దారి చూపేది మత్తుమందులన్నమాట! పగటి క్లాసుల పిల్లలు పంతొమ్మిది మంది ఇదే రాశారు. నువ్వు ఇరవయ్యోదానివి. ఎవరి దగ్గర కాపీ కొట్టావో చెప్పు. చెప్పకపోతే సున్నా.”

నిజం చెబితే కొట్టు మూతపడుతుంది. నోరు మూసుకుంటే పట్టా పోతుంది. తెలివైనదైతే ఏదో ఒక అబద్ధం చెప్పి బయటపడేది. కాని కాపీ కొట్టావన్న మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. భయం కంటే ముందు రోషం నోరు తెరిచింది.

“నేనెవరి దగ్గరా కాపీ కొట్టలేదమ్మా. వాళ్లందరూ నా దగ్గర కొన్నారు.”

సఫీనాజ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. “ఎదురుగా ఉన్న కొట్టు నీదా?”

“నాదే.”

“అంటే ఈ యేడాదంతా నేను దిద్దింది నీ వ్యాసాలేనా?”

“అన్నీ కాదమ్మా. స్టేషన్ దగ్గర ఇంకో కొట్టుంది.”

డాక్టరమ్మ నీలం అట్టలన్నీ పక్కకు నెట్టింది. తరువాత అడిగింది. “ఇంతమందికి రాశావే, నీకోసం నువ్వు ఒకటి రాసుకోలేకపోయావేం?”

ఇన్సాఫ్ తన ఇరవై పేజీలూ తీసి సంచీలో కుక్కుకుంది.

“మూడు వారాలిస్తాను. పెద్ద పెద్ద పేర్లు వద్దు. నీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి పట్టుకురా. దాని జవాబు నీ వీధిలోనే దొరకాలి. చూసింది చూసినట్టు రాయి, విన్నది ఎవరు చెప్పారో చెప్పి రాయి, దాన్నిబట్టి నీకేమనిపించిందో అది వేరే రాయి. మూడూ కలిపి కలగూరగంప చెయ్యకు. ఇక పీఠికలో చుక్క కనబడిందా, నీ ఎదుటే చించేస్తా.”

ఇన్సాఫ్ కొట్టుకు తిరిగొచ్చేసరికి వగీదా గుమ్మంలో కుర్చీ వేసుకుని కూరకు ములూఖియా ఆకు దూస్తోంది. ఎనభై దాటిన మనిషి. అలిఫ్ అక్షరం ఎటు తిరిగి ఉంటుందో తెలియదు గాని ఎవరి మొహమైనా ఇట్టే చదివేస్తుంది.

“ఏమే, మొహం ఉడికిన వంకాయలా ఉందేం?”

“నాకు తెలియని ప్రశ్న కావాలట అత్తమ్మా.”

“నీకు తెలియనివి కరువా? అన్నం మాడకుండా వండేదెలా, అదొకటి రాసుకో.”

“ఇక్కడ నా ప్రాణం పోతుంటే నీకు వేళాకోళం!”

“పోదులే, నీది గట్టి ప్రాణం. మా అబ్బాయితోనే ఇరవై ఏళ్లు వేగావు.” ముసలామె ఒడిలోని కాడలు దులుపుకుంది. “నాకొకటి ఎన్నాళ్లనుంచో అంతుపట్టదు. ఈ పిల్లలు నోరు తెరిస్తే మూయరు కదా. ఫూల్‌లో నూనె తక్కువైందని ఆ బండివాడితో అరగంట వాదిస్తారు. మరి నాలుగు కాగితాలు రాయమంటే నీ దగ్గరికెందుకు పరిగెత్తుకొస్తారే?”

“ఇంకెందుకు, బద్ధకం.”

“అని వాళ్లు చెప్పారా? ఎప్పుడన్నా అడిగావా?”

ఇన్సాఫ్ చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది. ఇరవై రెండేళ్లలో ఒక్కణ్ణీ అడగలేదు.

మర్నాటినుంచి కొట్లో కొత్త పద్ధతి మొదలైంది. వ్యాసం కావాలని వచ్చినవాళ్లు ముందు స్టూలు మీద కూర్చోవాలి, మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఈ విషయం గురించి నీకేం తెలుసు? నువ్వే ఎందుకు రాయవు? రాయబోతే ఎక్కడ ఆగిపోతావు?

“ఏంటక్కా, పోలీసుల్లో చేరావా?” అన్నాడొకడు.

“చేరితే ముందు నిన్నే పట్టుకుంటా. చెప్పు.”

కొందరు విసుక్కున్నారు, ఇద్దరు స్టేషన్ దగ్గరి కొట్టుకు పోయారు. మిగిలినవాళ్లు కూర్చున్నారు. ఒకసారి కూర్చున్నాక లేవరు, అదో తంటా. కరీమాన్ అనే పిల్ల వీధి వ్యాపారుల మీద వ్యాసం కావాలని వచ్చింది. వాళ్ల నాన్న కళాశాల వెనక వీధిలో చెరకు రసం బండివాడే. మున్సిపాలిటీవాళ్లు ఎప్పుడొస్తారో ముందే ఎలా తెలుస్తుందో, ఎవరింటి సందులో బండి దాస్తారో, బండి పట్టుకుపోతే దాన్ని విడిపించడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కాలో, ఆ పిల్ల పావుగంట ఊపిరి తీయకుండా చెప్పింది. వగీదా ఆకు దూయడం మానేసి వింది.

“పిల్లా, ఇదే రాయొచ్చుగా?” అంది ఇన్సాఫ్.

కరీమాన్ తెల్లబోయింది. “ఇదా? ఇది వ్యాసమెట్లా అవుతుందక్కా? మా నాన్న గోల ఇది. దీనికి పీఠిక ఏది?”

పీఠిక ఏది! ఆ మాట ఇన్సాఫ్‌ను వదల్లేదు. రోజంతా మెషీను చప్పుడులో కూడా అదే వినబడింది.

రెండు వారాల్లో నలభై ఒక్క మంది స్టూలెక్కి దిగారు. ఏడుగురు బద్ధకమని నవ్వుతూ ఒప్పుకున్నారు. అయిదుగురికి పగలు చదువు, సాయంత్రం పని, రాసే తీరికే లేదు. తక్కిన ఇరవై తొమ్మిది మందికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంది. లేనిది మొదటి వాక్యం. అది పెద్దగా, ఘనంగా, జాతి మొత్తాన్ని భుజాన మోస్తున్నట్టు ఉండాలని వాళ్ల భయం. ఆ భయానికి మందు ఎక్కడ అమ్ముతున్నారు? ఇన్సాఫ్ కొట్లో.

మధ్యాహ్నం బేరాలు లేని వేళల్లో పాడైన జిరాక్స్ కాగితాల వెనక పెన్సిలుతో రాయడం మొదలుపెట్టింది. మొదటిసారి చుక్క వచ్చింది. చించేసింది. రెండోసారి చుక్క బదులు దీపస్తంభం వచ్చింది. అది చుక్కకు చెల్లెలేనని తెలిసి అదీ చించింది. మూడోసారి నైలు నది పొంగుకొచ్చింది. ఎన్నేళ్లనుంచో మరిగిన చెయ్యి, చెప్పిన మాట వినదు. నాలుగోసారికి పళ్లు బిగపట్టి, “మా కొట్టుకు వ్యాసం కొనడానికి వచ్చిన నలభై ఒక్క మందిని, ఎందుకు కొంటున్నారని అడిగాను” అని రాసింది. రాసి, దానికేసి చూసింది. మరీ బోసిగా ఉంది, గొలుసు లేని మెడలాగా. కాని దాని వెనకే రెండో వాక్యం వచ్చింది, పిలవకుండానే. మూడోదీ వచ్చింది.

తొమ్మిది పేజీలైంది. తన కొట్టు వల్ల వాళ్ల భయం ఎలా పెరిగిందో కూడా దాచకుండా రాసింది. వగీదాకు చదివి వినిపిస్తే ముసలామె నెత్తి కొట్టుకుంది.

“మన కొట్టు గురించి మన కొట్లోనే కూర్చుని రాశావా! కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్లను విన్నాను గాని, నరికిన కొమ్మకు అట్టవేసి బైండింగు చేసేదాన్ని నిన్నే చూశాను.”

“ప్రశ్న అడిగింది నువ్వే కదా.”

“అడిగితే? నోటికొచ్చింది అడిగాను. రాసెయ్యమన్నానా?”

వ్యాసం ఇచ్చాక వారం రోజులూ ఇన్సాఫ్‌కు అన్నం సయించలేదు. శుక్రవారం మూడో అంతస్తు మెట్లెక్కింది. సఫీనాజ్ బల్ల మీద వ్యాసం ఉంది, దాని నిండా ఎర్ర గీతలున్నాయి. అక్కడికక్కడే ఆశ వదులుకుంది ఇన్సాఫ్.

“ఇరవై తొమ్మిది మంది నిజమే చెప్పారని నీకెలా తెలుసు?” అంది డాక్టరమ్మ.

“తెలియదమ్మా. బద్ధకస్తుణ్ణని ఎవడు ఒప్పుకుంటాడు? ఒప్పుకున్న ఏడుగురి మాట నమ్మొచ్చు. తక్కినవాళ్ల మాట ఎంతవరకు నమ్మొచ్చో ఏడో పేజీలో రాశాను.”

“చూశాను.” కాగితాలు తిప్పి చివరి పేజీ దగ్గర ఆగింది. “ఇదేమిటి? నువ్వు ఆధారంగా తీసుకున్నవాటి పట్టికలో మొదటి పేరు హగ్గా వగీదా అని ఉంది. ఈవిడ ఏ పుస్తకం రాసింది?”

“ఏదీ రాయలేదమ్మా. మా అత్తగారు. చదువు రాదు.”

“మరి ఇక్కడ ఎందుకుంది?”

“ప్రశ్న ఆవిడది కాబట్టి. నాది కాని మాట నాదని చెప్పుకుంటే ఈసారి నిజంగా కాపీయే అవుతుంది కదమ్మా.”

సఫీనాజ్ ఎర్ర పెన్ను మూత పెట్టింది. అప్పుడు నవ్వింది. ఆ మొహంలో నవ్వుకు చోటుందని ఇన్సాఫ్‌కు ఆరోజే తెలిసింది.

“‘బాగుంది’ అని గ్రేడు వేశాను. ‘చాలా బాగుంది’ వేసేదాన్నే గాని, పుస్తకాల పేర్లు రాసే పద్ధతి నీకు బొత్తిగా రాలేదు. అత్తగారి పేరొక్కటే సరిగ్గా రాశావు.”

“అంటే... గట్టెక్కినట్టేనా అమ్మా?”

“గట్టెక్కావు. ఇక నీ కొట్టు సంగతి. దాని గురించి నేనెవరితోనూ చెప్పను. ఆ స్టూలు మాత్రం అక్కడే ఉండాలి.”

ఇన్సాఫ్ తన వ్యాసం తీసుకుని గది దాటింది, ఒక అంతస్తు దిగింది, ఇక దిగలేక మెట్ల మీదే చతికిలబడింది. ఏడుపొస్తుందేమో అనుకుంది. నవ్వొచ్చింది. ఒక్కతే కూర్చుని నవ్వుతుంటే పక్కనుంచి పోయే ఆడపిల్లలు తప్పుకుని పోయారు. వారం రోజులుగా గుండెల మీద కూర్చున్న బండ ఎవరో ఎత్తి అవతల పారేసినట్టుంది. ఒక్కసారిగా ఆకలేసింది. వెనక వీధిలో, ఒకవైపు ఇటుకల మీద నిలబెట్టిన కరీమాన్ నాన్న బండి దగ్గర రెండు గ్లాసుల చెరకు రసం తాగి, మూడోది సీసాలో పోయించుకుంది.

కొట్టు దగ్గర వగీదాతో పాటు కరీమాన్ కాచుకునుంది. చేతిలో రెండు కాగితాలు, నిండా కొట్టివేతలు.

“ముందది చెప్పు, పోయిందా?” అంది అత్తగారు.

“గట్టెక్కాను అత్తమ్మా.”

“అల్‌హమ్దులిల్లా.” ఆమె కళ్లు తుడుచుకుంది. వెంటనే ఎవరైనా చూశారేమోనని దగ్గింది. “దుమ్ము, పాడు దుమ్ము. ఆ సీసా ఇటియ్యి.”

కరీమాన్ కాగితాలు ముందుకు చాచింది. “అక్కా, నేనే రాశాను. పైన చుక్క పెట్టి టైపు చేస్తావా?”

ఇన్సాఫ్ మొదటి వాక్యం చదివింది. “మా నాన్న బండికి నాలుగు చక్రాలు, వాటిలో రెండు మున్సిపాలిటీ గోదాములో ఉన్నాయి.”

“టైపు చేస్తాను. చుక్క పెట్టను. దీని ముందు ఒక్క మాట కలిపినా పాపం చుట్టుకుంటుంది. కూర్చో.”

వగీదా చెరకు రసం గుటక వేసి మూతి తుడుచుకుంది. “నీ వ్యాసంలో నా పేరుందన్నావు. ఏదీ, ఎక్కడుందో చూపించు.”

ఇన్సాఫ్ చివరి పేజీ తీసి, ముసలామె వేలు పట్టుకుని ఆ వరస మీద పెట్టింది. వగీదా వంగి, కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

“ఇంత చిన్న అక్షరాల్లోనా?”

“అందరివీ అంతే వేయాలి అత్తమ్మా, అదీ పద్ధతి.”

“అందరూ నేనూ ఒకటేనా?” అంది ముసలామె. అంది గాని, వేలు మాత్రం అక్కణ్ణుంచి తియ్యలేదు.