గొంగడితో రుద్దిన రోజు

నా చిన్నప్పుడు, అంటే తొంభైల మొదట్లో, చిక్కడపల్లిలోని మా ఇంట్లో దద్దుర్లకు ఒకటే మందు, నానమ్మ గొంగడి. ఒంటి మీద ఎక్కడ దద్దురు లేచినా ఆ గరుకు ఉన్నితో రుద్దేది. మామూలుగా అవి గంటా రెండు గంటల్లో వాటంతటవే తగ్గేవి. మంచి పేరు మాత్రం గొంగడికి వచ్చేది.

ఒక ఆదివారం డాబా మీద కందిరీగ నా చేతిని కుట్టింది. కాసేపటికే కడుపు, వీపు, మెడ అంతా దద్దుర్లు. నానమ్మ రుద్దింది. రుద్దిన చోటల్లా ఇంకా ఎర్రగా లేచాయి. ఇంకా గట్టిగా రుద్దింది. మొండితనంలో ఆమెకు నేనే వారసుణ్ణి కాబట్టి తప్పు పట్టను.

పై గదిలో కిరాయికి ఉంటూ సర్కారు కొలువు పరీక్షలకు చదువుకునే అక్క నీళ్ల కోసం కిందికి వచ్చి నా మొహం చూసింది. "నీ పేరేంది?" అని అడిగింది. రోజూ పిలిచే పేరే. చెప్పాను, గొంతు బొంగురుగా వచ్చింది. పెదవి అప్పటికే ఉబ్బింది.

"పెద్దమ్మా, రుద్దుడు ఆపుండ్రి. దవాఖానకు పోవాలె," అంది.

ఆటో నారాయణగూడ దవాఖాన చేరేదాకా పేరు అడుగుతూనే ఉంది. నాకు చిరాకేసింది. చివరిసారి అడిగినప్పుడు నోరు తెరిచాను గానీ మాట రాలేదు. అప్పుడు భయమేసింది. ఇంజెక్షన్ పడ్డాక మెల్లగా ఊపిరి ఆడింది.

వారం తర్వాత అక్క నా ముంజేతి మీద పెన్ను మూతతో గీత గీసింది. కొద్దిసేపటికి గీత ఉబ్బింది. చర్మంలో మాస్ట్ కణాలు కాపలా ఉంటాయని, వాటిలో రసాయనాల సంచులుంటాయని చెప్పింది. పురుగో విషమో చొరబడితే సంచులు విప్పుతాయి. రక్తనాళాలు వదులై నీరు ఊరుతుంది, వాపంటే అదే. ఒక్కోసారి చిన్న కాటుకే ఒళ్లంతా ఒకేసారి విప్పేస్తాయట, గొంతు కూడా వాస్తుందట. అది మాటలోనే తెలుస్తుందని పేరు అడిగిందట. కొందరికి రుద్దినా ఆ సంచులు విచ్చుకుంటాయట.

గుమ్మంలో నిలబడి వింటున్న నానమ్మ, "అంటే పోరన్ని నేనే సంపబోతినా?" అంది.

అక్క పెన్నుకు మూత పెట్టింది. "కందిరీగతోని అయింది పెద్దమ్మా, గొంగడితోని కాదు. గని రుద్దుకుంట కూసుంటే ఆలస్యమైతది."

అబద్ధం చెప్పలేదు, నానమ్మను దోషిగానూ నిలబెట్టలేదు. ఆ అక్కంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఆ తర్వాత గొంగడి చలికి కప్పుకోవడానికే పనికొచ్చింది. ఇంట్లో ఎవరికి దద్దురు లేచినా నానమ్మ ముందు పేరు అడిగేది. ఆమె పోయింది, అలవాటు నాకు మిగిలింది. పిల్లలు ఒళ్లు దురదంటే చాలు, "నీ పేరేంది?" అంటాను. ఈయనకు మతి పోయిందనుకుంటూ చెప్తారు. ఆ గొంతు మామూలుగా వినపడేదాకా నాకు ఊపిరి ఆడదు.