అత్తగారి ‘ఆయ్’

మా అత్తగారు నన్ను తిట్టడానికి ఏ రోజూ బద్ధకించలేదు. "ఏవే, పాలు పొంగిపోతున్నాయి, చెవుడొచ్చిందేంటే నీకు?" అన్న కేకతోనే రాజోలు దగ్గర మా ఇంట్లో తెల్లారేది. అదే మనిషి వీధిలోకి వెళితే వెన్నపూస. ఎవరేం చెప్పినా "ఆయ్" అనేవారు. మా వైపు ఆయ్ అంటే అవునని మాత్రమే కాదు, వింటున్నానండీ అని కూడా. అది బయటివాళ్ళకిచ్చే మర్యాద. నాకు ఎప్పుడూ దక్కలేదు. నేనేం చెప్పినా "ఊఁ, ఏడిశావులే" అనేవారు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో, పెరట్లో తడి కొబ్బరిమట్ట మీద కాలేసి జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. అమలాపురంలో ఆపరేషన్‌కి ముందు పరీక్ష చేస్తే కరోనా కూడా ఉందన్నారు. అంతే, స్ట్రెచర్ మీద వేరే వార్డులోకి తీసుకుపోయారు. మేం గేటు బయట మిగిలాం. త్వరగా ఆపరేషన్ చేసి లేపి కూర్చోబెట్టకపోతే ఈ వయసులో మనిషి మంచానికే అంటుకుపోతుందని, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందని పెద్ద డాక్టరుగారే చెప్పారు. ఆక్సిజన్ కుదుటపడితే గానీ చెయ్యలేమనీ ఆయనే అన్నారు. ఇంకెవరితో దెబ్బలాడను?

రోజూ నర్సు ఫోన్ కలిపి అత్తగారి చెవి దగ్గర పెట్టేది. ఒకరోజు నేను నోరు తెరిచేలోపే అవతల కుర్ర డాక్టరు గొంతు వినిపించింది. ఎక్కడో వేరే జిల్లా నుంచి వచ్చాడు పాపం.

"నొప్పి తగ్గిందా అమ్మా?"

"ఆయ్."

"నిద్ర బాగా పట్టిందా?"

"ఆయ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నర్సమ్మగారూ! ఆవిడ ఆయ్ అంటే తగ్గిందని కాదండీ బాబూ! ఆ కాలు కోసేస్తామన్నా ఆయ్ అనే అంటారు. కాస్త కదిపి చూడమనండి డాక్టరుగారిని!" అని ఫోన్లోనే అరిచాను.

నర్సు మా వైపు పిల్లే. "ఆయ్, చెప్తానండీ" అంది నవ్వుతూ. ఇది ఏ రకం ఆయో అని హడలిపోయాను గానీ, నిజంగానే చెప్పింది. కాలు కొంచెం కదపగానే అత్తగారు కెవ్వుమన్నారట. అప్పటినుంచి నొప్పికి ఇంజెక్షన్లు ఇచ్చారు. మర్నాడు ఫోన్లో, "ఏవే, ఇక్కడి పప్పులో ఉప్పు లేదు, కారం లేదు. కాస్త మాగాయ పంపించి చావు" అని కసిరారు. గేటు దగ్గర కూర్చుని సంతోషంతో ఏడ్చాను. ఇక ఫరవాలేదు, మా అత్తగారు లేచి నడుస్తారు అనుకున్నాను.

రేపు ఆపరేషన్ అనగా ఆయాసం ఎక్కువైంది. వాయిదా వేశారు. ఎప్పటికని అడిగితే ఎవరూ చెప్పలేదు. నర్సు ఫోన్ కలిపింది.

"అత్తయ్యగారూ, మాగాయ తిన్నారా? మీరు లేకపోతే రోజూ పాలు పొంగబెట్టేస్తున్నానండీ. తొందరగా వచ్చి తిట్టండి."

ఆక్సిజన్ చప్పుడు మధ్యలోంచి, ఎంతో వినయంగా, "ఆయ్" అన్నారు.

"నాతో ఆయ్ ఏంటండీ! నేనండీ, మీ కోడల్ని!"

"ఆయ్" అన్నారు మళ్ళీ.

తెల్లారేలోపే పోయారు. ఇన్నేళ్ళలో మా అత్తగారు నాతో మర్యాదగా మాట్లాడింది ఆ ఒక్కసారే.