బొంబాయికి పద్నాలుగు రోజులు

పార్సిల్ కౌంటర్ దగ్గరికి వచ్చే మనిషి రెండే అడుగుతాడు. ఎంతవుతుంది? ఎప్పటికి చేరుతుంది? మొదటిదానికి డిపార్టుమెంటు వాళ్లు రేట్ల పట్టిక అచ్చేసి ఇచ్చారు, గోడకు తగిలించుకున్నాం. రెండోదానికి వాళ్లు ఏమీ ఇవ్వలేదు. మాకు గోవిందస్వామి ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

తిరుపతిలో మాదొక చిన్న పోస్టాఫీసు. ఏ వీధిలోదో చెప్పను, ఇప్పటికీ అక్కడ పనిచేసేవాళ్లున్నారు. నేను రిజిస్ట్రీ కౌంటర్‌లో ఉండేదాన్ని. పక్క కుర్చీ గోవిందస్వామిది. పదహారేళ్లు ఆ మనిషి పక్కన కూర్చున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ముద్రలు గుద్దీ గుద్దీ నా కుడి భుజం ఎందుకూ పనికిరాకుండా పోయింది. కొండ దిగి గుండ్లతో వచ్చిన జనం కార్డులకీ స్టాంపులకీ ఒకరి మీద ఒకరు పడుతుంటే కసురుకునేదాన్ని. దాచుకోవడం ఎందుకు, నా నోరు మంచిది కాదు. ఆయన మాత్రం ఎవరినీ కసిరేవాడు కాదు. అలిసిపోయేవాడు, అంతే.

రోజూ పుత్తూరు నుంచి బస్సులో వచ్చేవాడు. అక్కడి ఎముకల వైద్యుల దగ్గర చేతులకూ కాళ్లకూ కొత్త కట్లు కట్టించుకుని తిరిగొచ్చే జనం ఆ బస్సు నిండా. ఎవరి కట్టుకు తగులుతానో అని ఒళ్లు దగ్గర పెట్టుకుని గంటసేపు నిలబడి రావడం. కౌంటర్‌కు చేరేసరికే సగం మనిషి అయిపోయేవాడు. అయినా సరే, ఎవరైనా మూట ముందుకు తోస్తే చేతిలోకి తీసుకుని ఒక్కసారి పైకీ కిందికీ ఆడించి బరువు చెప్పేవాడు. త్రాసు మీద పెడితే ఒక యాభై గ్రాములు అటో ఇటో, అంతకు మించి తేడా వచ్చేది కాదు. "ఆ డబ్బా తీసేయప్పా, ఒక మెట్టు తగ్గుతాది, ఉత్తపుణ్యానికి గవర్నమెంటుకు ఎందుకు పోస్తావు" అని జనం డబ్బులు మిగిల్చి పంపేవాడు. పోస్టుమాస్టరు వింటే ఊరుకునేవాడు కాదనుకోండి.

రోజుల లెక్కకు ఆయన దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. దాని వెనకొక అవమానం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నగరి లుంగీల వ్యాపారి ఒకతను నాగపూర్‌కు ఎన్ని రోజులని అడిగితే, ఈయన ఆలోచించకుండా నాలుగని చెప్పాడు. పంతొమ్మిది పట్టింది. ఆ వ్యాపారి వచ్చి పదిమంది ముందు బల్ల మీద చరిచి, "నోటికొచ్చింది చెప్పేదానికా నిన్ను ఈడ కూసోబెట్టింది?" అన్నాడట. ఆ రోజునుంచి గోవిందస్వామి నోటికొచ్చింది చెప్పడం మానేశాడు. ఏ ఊరికి, ఎప్పుడు పంపారు, ఎప్పుడు చేరింది, అన్నీ రాసుకోవడం మొదలుపెట్టాడు. చేరిన తేదీ ఎట్లా తెలుస్తుంది? జనం వచ్చి చెబితేనే. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, కూడి, భాగించి ఊరికొక లెక్క తీశాడు. మద్రాసుకు ఆరు. హైదరాబాదుకు ఎనిమిది. బొంబాయికి పద్నాలుగు. ఆ లెక్క తీశాక, ఆయన చెప్పిన రోజుకంటే ఆలస్యమైందని ఒక్కరు కూడా వచ్చి అరిచిన పాపాన పోలేదు. ఊళ్లో మంచి పేరొచ్చింది.

తొంభై ఏడు సెప్టెంబరులో రంజాన్‌బీ వచ్చింది. మా వెనక వీధే. జాకెట్లు కుట్టేది. మొగుడు పీరా సాహెబ్ ఒకప్పుడు తోపుడుబండి మీద గాజులమ్మేవాడు, పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచం మీదే. ఒక్కతే కూతురు బుష్రా. బొంబాయి దగ్గర భీవండిలో మరమగ్గాల మీద పనిచేసే పిల్లవాడికి ఇచ్చారు. మొదటి కానుపు పుట్టింట్లో జరగాలి. మంచాన పడ్డ మనిషికే చాకిరీ చేయలేకపోతోంది, బాలింతకు ఎవరు చేస్తారు? పిలుచుకోలేకపోయింది. మగపిల్లవాడు పుట్టాడని ఉత్తరం వచ్చింది.

మూట బల్ల మీద పెట్టి విప్పి మరీ చూపించింది. పిల్లవాడికి ఆకుపచ్చ మఖమల్ చొక్కా, కుచ్చుల టోపీ, తన చేత్తో కుట్టినవే. కూతురికి చీర. బాలింతకు అట్టపెట్టెలో మెంతుల లడ్లు.

గోవిందస్వామి చేత్తో ఆడించి, "రెండు కిలోల యాభై. అట్టపెట్టె వద్దు, గుడ్డలోనే కుట్టేయమ్మా. రెండు కిలోల్లోపల వస్తాది" అన్నాడు.

"ఎన్ని దినాలకు పోతాది సార్? వచ్చే శుక్రవారం గాదు, ఆ పై శుక్రవారం చిల్లా. నలభయ్యో దినం తల్లికీ బిడ్డకూ నీళ్లు పోసేది. ఇంకా పది దినాలుండాది."

ఆయన నోటుబుక్కు తీశాడు. బొంబాయి వరసలన్నిటి మీదా వేలు పెట్టుకుంటూ కిందిదాకా పోయాడు. మళ్లీ పైకొచ్చాడు. "పద్నాలుగు పడతాదమ్మా. ఎంత బిరీన పోయినా పన్నెండు" అన్నాడు.

రంజాన్‌బీ మొహం చూడలేకపోయాను. "కానుపుకు పిలుచుకోలేదని ఆడ ఇప్పటికే అంటా ఉండారంట సార్. నేనెట్లాగూ పోలేను, ఈ మూటన్నా పోతాదనుకున్నా. పది మంది ఆడోళ్ల ముందర నా బిడ్డకు అమ్మగారింటి గుడ్డ లేదంటే అదెట్లా తలెత్తుకుంటాది?" అంది.

"తీసుకో అన్నా, అదృష్టముంటే చేరతాది" అన్నాను నేను.

"చేరకపోతే లక్ష్మమ్మా? చేరుంటాదిలే అని ఈయమ్మ ఈడ నెమ్మదిగా కూసునుంటాది, ఆడ ఆ బిడ్డ ఎదురు సూస్తా ఉంటాది. నేను చెప్పలేను."

పెద్దాఫీసులో స్పీడ్‌పోస్టు ఉందన్నాడు. ఎంతవుతుందో కూడా చెప్పాడు. రంజాన్‌బీ వారం రోజులు కుట్టినా రాని కూలి అది. ఆమె వెనక పదకొండు మంది నిలబడి ఉన్నారు, ఒకడు అప్పుడే గొణుగుతున్నాడు. నాకు చిరాకెత్తింది. "అట్లయితే నువ్వే పోయి రారాదా రంజాన్‌బీ? రేణిగుంటలో రైలెక్కితే మర్నాటికి ఆడుంటావు. నాలుగు దినాలు ఆయన్ను ఎవరో ఒకరు సూసుకోరా?" అనేశాను. ప్రేమతో అన్న మాట కాదది. వరస కదలాలని అన్నది. ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

ఆమె నిజంగానే పోయింది. చిత్తూరు నుంచి ఆడపడుచును పిలిపించి మొగుడి దగ్గర పెట్టింది. పోయే ముందు రోజు మా ఆఫీసుకొచ్చి, "మీరు సూసి చెప్పబట్టి సరిపోయింది సార్, లేకుంటే మూట అందక బిడ్డ మానం పోయేది" అని గోవిందస్వామికి దణ్ణం పెట్టి పోయింది. ఆ రోజు ఆమె మొహంలో కళ చూస్తే నాకు కూడా సంతోషమైంది. నేను చెప్పిన సలహాయే కదా అని లోపల కాస్త గర్వం కూడా.

చిల్లాకు ఒకరోజు ముందు, గురువారం, కుప్పయ్య వచ్చాడు. కొయ్యబొమ్మలు చేసే మనిషి. బొంబాయిలో ఒక దుకాణానికి రెండు మూడు నెలలకోసారి బొమ్మలు పంపుతుంటాడు. గోవిందస్వామి మామూలుగానే రసీదు రాస్తూ, "పద్నాలుగు దినాలప్పా" అన్నాడు.

కుప్పయ్య నవ్వాడు. "మీరెప్పుడూ అట్లే అంటారు సార్. ఆరో దినం వాళ్లు ఎస్టీడీ బూతుకు ఫోన్ కొడతారు, అందినాయని."

గోవిందస్వామి కలం ఆగిపోయింది. "ఎప్పుడూ అంతేనా?"

"ఒకసారి అయిదు. వానల్లో ఒకసారి ఎనిమిది."

"మరి నాకెందుకు చెప్పలేదప్పా ఇన్నేండ్లు?"

"చేరినాక మీతో చెప్పేదేముంది సార్?" అన్నాడు కుప్పయ్య. నిజంగా అర్థం కాకనే అడిగాడు.

కుప్పయ్య పోయాక గోవిందస్వామి నోటుబుక్కు తీసి బల్ల మీద పరిచాడు. నేనూ వంగి చూశాను. అన్నేళ్లలో నేను ఆ బుక్కులోకి తొంగిచూసింది అదే మొదలు. ఓరి దేవుడా. ప్రతి వరసా ఒక గొడవే. అందలేదని వచ్చినవాడు, ఆలస్యమైందని తిట్టినవాడు, సూపరింటెండెంటుకు రాస్తానన్నవాడు. అంతే. పార్సిల్ బాగా చేరినవాడు ఈ గుమ్మం ఎందుకు తొక్కుతాడు? "ఏందన్నా ఇది, కొట్లాటకొచ్చినోళ్లనే లెక్కేసుకున్నావే నువ్వు" అన్నాను. నా నోటి సంగతి తెలిసిందే కదా. ఆయన మధ్యాహ్నం క్యారియర్ విప్పలేదు.

ఆ సాయంత్రం, మర్నాడు రోజంతా వచ్చిన ప్రతి మనిషినీ అడిగాడు. పోయినసారి పంపింది ఎన్ని రోజులకు చేరింది? అయిదు సార్. ఆరు సార్. ఏమో సార్, వారంలోపలే. అందరిదీ అదే మాట. శుక్రవారం కౌంటర్ మూశాక వేళ్ల మీద లెక్కపెట్టి, "ఆ మూట సోమవారానికే చేరిపోయుండేది లక్ష్మమ్మా" అన్నాడు.

"పోతే పోనీలే అన్నా. మంచికే అయింది గదా. ఈ పొద్దు చిల్లా. ఆయమ్మ మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూసునుంటాది" అన్నాను. ఆ మాటకు ఆయన మొహం కొంచెం తేటపడింది. పుత్తూరు బస్సుకు వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున పోస్టుమాన్ వచ్చి చెప్పాడు. తెల్లవారుజామున పీరా సాహెబ్ పోయాడు. భీవండిలో అల్లుడింటి పక్క దుకాణానికి ఫోన్ చేస్తే, రంజాన్‌బీ ముందురోజు రాత్రే తిరుగు రైలెక్కేసిందట. రైల్లో ఉన్న మనిషికి ఎవరు చెప్పగలరు? వాళ్లలో మట్టికి ఆలస్యం చేయరు. సాయంత్రం నమాజు తర్వాత తీసుకుపోయారు. కూతురిచ్చిన మిఠాయి పొట్లంతో ఆమె ఇల్లు చేరేసరికి మంచం ఎత్తి గోడకు ఆనించేశారు. పోయే ముందు రెండు రోజులూ ఆయన ఆమెనే అడిగాడట. మాట సరిగ్గా రాకపోయినా, యాడికి పోయింది, ఎప్పుడొస్తాది అని. ఆడపడుచు చెప్పి ఏడ్చిందని పోస్టుమాన్ చెప్పాడు.

గోవిందస్వామి నా వైపు చూశాడు. నేను ముద్ర గుద్దడంలో పడ్డాను. ఆయన రోజులు చెప్పాడు, నేను పొమ్మన్నాను.

నాలుగు నెలల పది రోజులు ఇద్దత్. విధవరాలు గడప దాటకూడదు. ఆ నాలుగు నెలల్లో గోవిందస్వామి పదేళ్లు పెద్దవాడైపోయాడు. బొంబాయికి ఆరు రోజులని సరిగ్గానే చెబుతున్నాడు. "ఆయమ్మ వస్తే ఉండేది ఉండేటట్టు చెప్పేస్తా లక్ష్మమ్మా. కాళ్లు పట్టుకుంటా. ఈ బరువు మోయలేకుండా ఉండా" అనేవాడు. నేను నా వరస వైపు తిరిగేదాన్ని.

ఫిబ్రవరిలో వచ్చింది. చిక్కిపోయి సగమైంది. వరసలో నిలబడి, తన వంతు వచ్చాక, చేతిలో ఏ మూటా లేకుండా బల్ల పట్టుకుని నిలబడింది.

"సార్, ఒకే మాట అడగాలని వచ్చినా. అందరూ నన్ను అంటా ఉండారు. మంచంలో ఉండే మొగుణ్ణి వదిలేసి సంబరానికి పోయిందని. నేను చెప్తా ఉండా, పోస్టాఫీసు సారు బుక్కు తీసి సూసి చెప్పినాడు, మూట పోయేది కాదు, పోక తప్పలేదని. అంతే కదా సార్? పోస్టులో వేసుంటే చేరేది కాదు కదా?"

నా చేతిలో ముద్ర అట్లాగే ఉండిపోయింది. గోవిందస్వామి నోరు తెరిచాడు. ఆమెను చూశాడు.

"చేరేది కాదమ్మా" అన్నాడు. "పద్నాలుగు దినాలు పట్టేది."

"అదే సార్, అదే" అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా దగ్గరొక ఇన్‌లాండ్ కవరు కొనుక్కుని వెళ్లిపోయింది. ఆయన లేచి వెనక సంచులు పెట్టే గదిలోకి పోయాడు. ఆ రోజంతా ఆయన వరస కూడా నేనే చూశాను.

తర్వాత రంజాన్‌బీ కూతురికి ఉత్తరం రాసుకోవడానికి నెలకోసారి కవరు కొనేది. రెండు మూడు నెలలకోసారి పార్సిల్ కౌంటర్ దగ్గర ఆగి అదే అడిగేది. వేరే మాటల్లో, వేరే సందర్భం మీద, కానీ అదే. ఆయన ప్రతిసారీ అదే చెప్పేవాడు. జీవితంలో ఒక రోజు ఎక్కువో తక్కువో చెప్పడానికి చచ్చేంత భయపడిన మనిషి, రిటైరయ్యేదాకా ఏడేళ్లు ఆ ఒక్క అబద్ధం చెప్పాడు. ఒకసారి కూడా తడబడలేదు.

రెండువేల అయిదులో ఆయన రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి పల్లవి అని కొత్తమ్మాయి వచ్చింది, బల్ల మీదికి కంప్యూటర్ వచ్చింది. మరుసటి నెల రంజాన్‌బీ కవరు కోసం నా ముందు నిలబడి ఉంటే, పక్క కౌంటర్‌లో ఎవరో బొంబాయికి ఎన్ని రోజులని అడిగారు. పల్లవి గట్టిగా, "అయిదారు రోజుల్లో పోతుందండీ. ఎప్పట్నుంచో అంతే కదా" అంది.

రంజాన్‌బీ చిల్లర లెక్కపెడుతున్న చెయ్యి ఆగింది. తల తిప్పి పల్లవిని చూసింది. మళ్లీ నన్ను చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. గోవిందస్వామి అన్నా, ఎట్లా కూర్చున్నావయ్యా ఇన్నేళ్లు ఈ చూపు ముందు అనుకున్నాను.

"ఆ పాపకేం తెలుసు రంజాన్‌బీ, నిన్న మొన్న వచ్చింది" అన్నాను. "అప్పట్లో పద్నాలుగు దినాలు. నేను ఈడనే కదా ఉండింది. ఒక్క దినం తగ్గేది కాదు."

"అంతే కదక్కా" అంది ఆమె.

"అంతే" అన్నాను.