రెండో ఫైలుకు తాళం

కరీంనగర్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే షాజాదీ బేగం ఒక మంగళవారం పొద్దున టీ చల్లారేలోపు నూట నలభై దేశాల మొహం మీద తలుపు వేసింది. చెబుతున్నది నేను కాబట్టి నమ్మవచ్చు. డిగ్రీ మూడో ఏడాదిలో ఆ యూనివర్సిటీని వదిలేసింది నేనే. అది ఇంకా తేరుకోలేదు. చదువు వదిలినా లైబ్రరీని వదల్లేదు. అక్కడ కూలర్ బాగుంటుంది.

షాజాదీ ఆపాది, అంటే మా అందరి అక్కది, ఇరవై రెండేళ్ల సర్వీసు. మొదట పుస్తకాలకు అట్టలు వేసేది, ఇప్పుడు థీసిస్‌లను ఇంటర్నెట్‌లో పెడుతుంది. పీహెచ్‌డీ పూర్తయినవాళ్లు ఫైళ్లు ఇచ్చిపోతారు. ఆపా ఒక్కోదానికి పేరు, రాసినవారు, సంవత్సరం, విషయం నింపి, ఫైళ్లు ఎక్కించి, ఎప్పటికీ మారని ఒక చిరునామా ఇస్తుంది. ఆ తర్వాత రుసుము లేదు, పాస్‌వర్డ్ లేదు. బెల్లంపల్లిలో ఉన్నవాడూ బ్రెజిల్‌లో ఉన్నవాడూ ఒకేలా చదువుకోవచ్చు. లోపలి ప్రతి మాటా వెతికితే దొరుకుతుంది. రాసినవాళ్లు కోరితే కొన్నేళ్లు ఎవరూ తెరవకుండా తాళం వేసి ఉంచుతుంది.

ఈమధ్యే పీహెచ్‌డీ పూర్తిచేసిన మమతారాణి మూడేళ్ల తాళం కోరింది. ఆమె థీసిస్ పత్తిలోంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో పనిచేసే ఆడవాళ్ల గురించి. ఒకామె చెయ్యి మిషన్‌లో పడితే, ఇంట్లో జారిపడిందని మిల్లు సేటు రాయించిన సంగతి అందులో ఉంది. చెప్పినవాళ్ల పేర్లు లోపల మార్చింది. అయితే నిజంగా ఊళ్లు తిరిగిందని పరీక్షకులు నమ్మాలి కదా! అందుకని అసలు పేర్లు, వయసులు, ఊళ్లతో చివర ఒక జాబితా పెట్టడం అక్కడి రివాజు. ఆ జాబితా రెండో ఫైలుగా వచ్చింది.

ఆ మంగళవారం, జమ్మికుంట అవతల ఉన్న మా ఊరి ఖ్యాతి ఎంతో చూద్దామని లైబ్రరీ కంప్యూటర్‌లో ఊరిపేరు కొట్టాను. నా పేరు వస్తుందనుకున్నాను. ఆ జాబితాలోంచి, మిల్లులో పనిచేసే మా వాడకట్టు సత్తమ్మ పేరు వచ్చింది.

"ఆపా, మా సత్తవ్వ నాకంటే ముందుగాల ప్రపంచానికి ఎక్కింది సూడు," అన్నాను.

ఆపా వచ్చి తెర చూసింది. నవ్వలేదు. తాళం మొదటి ఫైలుకే పడింది. ఒక్కో ఫైలుకు విడిగా వేయాలి. రెండోది తొమ్మిది రోజులుగా తెరిచే ఉంది. కూర్చోకుండానే దానికీ వేసేసింది. తర్వాత లెక్క తీసింది. పదకొండు మంది దింపుకున్నారు. ఎవరో తెలియదు గానీ ఎక్కడినుంచో తెలుస్తుంది. ఎనిమిది మంది మన జిల్లానుంచే. ఇంటర్నెట్‌లో వెతికిపెట్టే కంపెనీల దగ్గర మిగిలిన నకలు తీసేయమని అర్జీ పంపింది. దింపుకున్నవాళ్ల ఫోన్లలోంచి తీయడానికి మాత్రం ఏ మీటా లేదని మెల్లగా చెప్పింది.

మమతారాణికి ఫోన్ చేసి సంగతి చెప్పి, సత్తమ్మ నంబరు తీసుకుంది. సత్తమ్మకు చేస్తే ఎత్తలేదు. మిల్లు గేటు దగ్గరే ఫోన్లు తీసి పెట్టుకుంటారు. సాయంత్రందాకా ఆపా అన్నం డబ్బా తెరవలేదు. ఆదిలాబాద్ అడవిలో ఎలుగుబంటితో కుస్తీ పట్టిన నేను కూడా ఫోన్ మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను.

ఆరున్నరకు సత్తమ్మే చేసింది. ఆపా ఏదీ దాచలేదు, తప్పు తనదేనని చెప్పింది. సత్తమ్మ ఆటోలోంచే అడిగింది.

"సేటు సూసిండా?"

"తెల్వదమ్మా."

"మరి రేపు పనికి పోవాల్నా, ఇంట్ల ఉండాల్నా? గది చెప్పు."

పోకుంటే చెప్పింది తానేనని ఒప్పుకున్నట్టవుతుందని సత్తమ్మే తేల్చుకుని, మర్నాడు మిల్లుకు పోయింది.

నాలుగు నెలలైంది. ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదు. ఆపా పొద్దున సత్తమ్మ మిల్లు గేటు చేరకముందే ఒకసారి ఫోన్ చేస్తుంది, సాయంత్రం బయటికొచ్చాక ఇంకోసారి. లైబ్రరీలో కొత్త మనిషెవరైనా జిన్నింగు మాట ఎత్తితే ఏ ఊరునుంచి వచ్చారని అడుగుతుంది. ఇదంతా రాసి, మొదటి వాక్యం చదివి వినిపించాను. పొంగిపోతుందనుకున్నాను.

"గట్ల రాయకు సంపత్. దేశాలు లేవు, తలుపు లేదు. ఒక్క ఫైలు మూసిన, అది గూడ తొమ్మిది రోజులు ఆలస్యంగ. గా పేరు పదకొండు మంది తాన ఉన్నది. వాళ్లెవరో నాకు తెల్వదు."