ఉప్పు కాపడం

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. మోటారు మిషన్లు వచ్చాక కాళ్ళకు తొక్కుడు తగ్గింది గానీ నోటికి బీడీ తగ్గలేదు. పని ఆపి గోడవారన కూర్చున్నామంటే కట్ట అయిపోయేదాకా లేచేవాళ్ళం కాదు. మాటలన్నీ ఆ పొగలోనే. పెళ్ళాం పోయాక నాకు ఇంకో సంసారం లేదు, పిల్లల్లేరు. గోడవారన కూర్చునే ఆ నలుగురే నాకు ఇల్లూ వాకిలీ.

రెండువేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్ళు గడిచిన రోజుల్లో కుడికాలు మొదలుపెట్టింది. బస్టాండుదాకా నడిస్తే చాలు, పిక్క పట్టేసేది. నిలబడితే తగ్గేది, నడిస్తే మళ్ళీ పట్టేది. ఎండాకాలంలో కూడా పాదం చల్లగా ఉండేది. బొటనవేలి పక్కన లేచిన చిన్న పుండు నెలలు గడిచినా మానలేదు. అనంతపురంలో డాక్టరు చూసి, బీడీల వల్ల కాలి రక్తనాళాలు మూసుకుపోయాయి, మోకాలి కింద తీసేయాల్సి రావచ్చు అన్నాడు. నాకు కోపం ముక్కు మీదుంటుంది. "నీ కాలైతే తీయించుకుంటావా సార్?" అని అడిగేశాను. పాపం, ఆయన ఏమీ అనుకోలేదు. బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

అక్కడ కొత్త వైద్యం ఒకటి పరీక్షించి చూస్తున్నారు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, అందులోని స్టెమ్ సెల్స్‌ను వేరుచేసి, పిక్కలో చాలాచోట్ల సూదులతో ఎక్కిస్తారు. అవి పనిచేస్తే సన్నటి రక్తనాళాలు కొత్తగా పుట్టుకొస్తాయట. పనిచేస్తాయని మాట ఇవ్వలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. బోర్లా పడుకోబెట్టి మూలుగ తీస్తుంటే నాకు దేవుడు కనిపించాడు. ఇంటికి పంపేటప్పుడు ఆమె మూడు సంగతులు నాచేత తిరిగి చెప్పించింది. బీడీ ముట్టకూడదు. రోజూ నొప్పి పుట్టేదాకా నడవాలి, ఆగాలి, మళ్ళీ నడవాలి. ఎంత చల్లబడినా పాదానికి కాపడం పెట్టకూడదు. దానికి స్పర్శ తక్కువ, చర్మం కమిలినా తెలియదు, పుండు పడితే మానదు.

బెళుగుప్ప దగ్గరున్న అక్క ఇంటికి పోయాను. అక్క నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. బావ చనిపోయినప్పటి నుంచి ఊరిబయట చేనులో రేకుల ఇంట్లో ఒక్కతే ఉండేది. బీడీ సంగతి, నడక సంగతి ఆమెకు చెప్పాను. మూడోది మాటల్లో తప్పిపోయింది. అప్పటికి కావాలని దాచలేదు.

నడక మొదలుపెట్టాను. మా సీమలో పని లేకుండా నడిచే మనిషిని ఎవరూ చూసి ఉండరు. ఎదురైనవాళ్ళంతా ఒకటే అడగడం.

"యాడికి పోతాండావప్పా?"

"యాడికీ లేదన్నా. ఊరికే."

"ఊరికే ఎవరన్నా నడుస్తారా? తిక్కగాని పట్టిందా ఏమప్పా?" అని నవ్వి బీడీ ఇవ్వబోయేవాళ్ళు. వద్దంటే మొహం మాడ్చుకునేవాళ్ళు. మా వైపు బీడీ వద్దంటే నీతో మాట వద్దన్నట్టే. వారం తిరిగేసరికి అందరూ దూరం నుంచే చెయ్యి ఊపి పోవడం నేర్చుకున్నారు. వేరుశెనగ పీకేసిన చేల మధ్య మట్టిరోడ్డు మీద నేనూ, గాలీ. రాయదుర్గం నలుగురిలో ఒక్కడూ నన్ను చూడ్డానికి రాలేదు. వాళ్ళను తప్పుపట్టను గానీ, బాధ మాత్రం బాగా అయింది.

కార్తీకంలో చలిగాలి మొదలైంది. ఒక సాయంత్రం గడప మీద కూర్చుని ఉంటే అక్క నా పాదం ముట్టుకుని ఉలిక్కిపడింది.

"అయ్యో, ఇదేందిరా! సచ్చినోళ్ళ కాలు మాదిరి సల్లగుండాది! ఉండు, ఉప్పు కాపడం పెడతా."

పెనం మీద రాళ్ళుప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి తెచ్చింది. నా పాదం ఒళ్ళో పెట్టుకుని ఒత్తడం మొదలుపెట్టింది. వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ మాట మింగేశాను. ఆసుపత్రి చేతులు తప్ప ఇంకో మనిషి చెయ్యి నామీద పడి ఎన్నాళ్ళయిందో. అక్క నా చిన్నప్పటి అల్లరి చెప్పి నవ్వుతూ ఒత్తుతోంది. వేడి నాకు తెలియలేదు. ఆమె చేతి బరువు మాత్రం తెలిసింది.

రెండు రోజులకు మడమ మీద పెద్ద బొబ్బ లేచి చితికింది. అక్కే నన్ను బెంగళూరుకు తీసుకుపోయింది. డాక్టరమ్మ చూసి తల పట్టుకుంది. "కాపడం ఎవరు పెట్టారు? ఇది మానకపోతే ఇక కాలు తీసేయడమే" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిన అక్క వైపు తిరిగి, వార్డంతా వినేలా అరిచాను.

"నువ్వే! నువ్వే నా కాలు తీసినావు!"

అక్క నా సంచి మంచం పక్కన పెట్టింది. ఆ రోజే బస్సెక్కి ఒంటరిగా పోయింది.

తర్వాత ఆరునెలలు రాయదుర్గం గదిలో నేనొక్కణ్ణే. కట్లు మార్చుకోవడం, నడవడం, ఆగడం, గోడ చూస్తూ కూర్చోవడం. అక్క రాలేదు, నేను పిలవలేదు. మడమ పుండు మాత్రం, వేలి పక్కనున్న పాతదానితో సహా, అంచుల నుంచి మెల్లగా ఎర్రటి కండ పట్టి పూడుకుంది. డాక్టరమ్మ నొక్కి చూసి, "రక్తం చేరుతోంది కాబట్టే మానింది. సెల్స్ వల్లనో, బీడీ మానినందుకో, నడక వల్లనో, ఖచ్చితంగా చెప్పలేను" అని నవ్వింది. కాలు దక్కింది! ఆ మాట చెప్పుకోవడానికి ఆసుపత్రి బయట నాకు ఎవరూ లేరు. టీ అంగడాయనకు చెప్పాను. "మంచిదప్పా, ఇంకో టీ కావాలా?" అన్నాడు.

మర్నాడే బెళుగుప్ప బస్సెక్కాను. దిగినచోటి నుంచి అక్క ఇంటిదాకా ఒక్కసారి కూడా ఆగకుండా నడిచాను. అక్క వేరుశెనక్కాయలు వలుస్తోంది. నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. చాప నా వైపు జరిపి, తను అటు జరిగి కూర్చుంది.

"కాలు నిలిచిందక్కా."

"దేవుని దయ" అంది తల ఎత్తకుండా. "నా చేతులే మంచివి కావురా."

ఇక ఆపుకోలేకపోయాను. "తప్పు నీది కాదక్కా. కాపడం పెట్టుకోవద్దని డాక్టరమ్మ ముందే సెప్పింది. నాకు తెలుసు. తెలిసే గమ్మునుండినా."

అక్క చేతులు ఆగాయి. "తెలిసీ ఎందుకు గమ్మునుండినావురా?"

"నువ్వు పట్టుకుంటే బాగుండింది."

అక్క ఒళ్ళోని కాయలు పక్కకు పోసింది.

"అడిగింటే ఉత్తగానే పట్టుకునేదాన్ని కదరా" అంది.

నా పాదం ఆమెకు జానెడు దూరంలోనే ఉంది. ఆమె ఎదురుచూస్తోందని నాకు తెలుసు. అడగడానికి అప్పుడు కూడా నాకు నోరు రాలేదు.