టీచరుగారి కిటికీకి మా దోటి

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. నా మాటల్లో సగం కొట్టేసి, మిగిలినదాన్ని మళ్లీ రెండుతో భాగిస్తే నిజానికి దగ్గరగా వస్తారని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పి ఉంచింది. మీకూ అదే లెక్క.

తెనాల్లో నేనూ మా బావమరిదీ కలిసి కిటికీల బయటివైపు అద్దాలు కడిగే పని పెట్టుకున్నాం. నిచ్చెన ఎక్కం. నేల మీద నిలబడే మూడో అంతస్తు అందుకుంటాం. మా కర్ర ఒకదాంట్లోంచి ఒకటి బయటికి సాగుతుంది. చివర బ్రష్షు, కర్ర వెంబడి సన్నటి నీళ్ల గొట్టం. పూర్తిగా సాగదీస్తే పక్క ఊరు కొలకలూరులో నిలబడి తెనాలి స్టేషన్లో గడియారం తుడవచ్చు. జనం మాత్రం దాన్ని దోటి అంటారు. "ఏంటండీ, మామిడికాయల కాలం కూడా కాదుగా?" అని అడుగుతారు.

అసలు మహత్యం నీళ్లలో ఉంది. వ్యానులో ఫిల్టర్లున్నాయి. ఉప్పూ సున్నమూ అన్నీ వడకట్టి, ఉప్పు కొలిచే మీటరు సున్నా చూపించేదాకా నీళ్లు బయటికి వదలం. అవి ఆరాక మచ్చ మిగలదు, మిగలడానికి వాటిలో ఏమీ లేదు గనక. అందుకే కడిగాక తుడవకూడదు. ఈ ఒక్క ముక్క మనవాళ్లకి ఎక్కించలేక నాకు సగం జుట్టు ఊడిపోయింది. తడి కనబడితే చాలు, ఇంట్లోంచి ఎవరో ఒకరు పాత లుంగీ ముక్క పట్టుకుని పరిగెత్తుకొస్తారు. బాపట్లలో ఒకాయన మేం కడిగిన అద్దాలన్నీ తన తువ్వాలుతో తుడిచి, "మరకలు పడుతున్నాయి, మీ నీళ్లు బాలేవండీ" అన్నాడు. బాపట్లలో సముద్రపు గాలికి అద్దాల మీద ఉప్పు పట్టేస్తుంది. అక్కడ ఒక్క కిటికీ గీకితే ఏడాది పచ్చళ్లకి సరిపోతుంది.

నేను చదువుకున్నది రేపల్లెలో. సోషల్ చెప్పిన టీచరుగారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఒకసారి నదుల గురించి రాయమంటే, కృష్ణ దాటే కాకులు మధ్యలో రెండుసార్లు దిగి టిఫిన్ చేస్తాయని రాశాను. ఆవిడ నన్ను బెంచీ ఎక్కించి, "ఒరేయ్, ఉన్నదాన్ని పెంచితే సగం మార్కులేస్తాను. లేనిదాన్ని పుట్టిస్తే మాత్రం బెంచీ ఎక్కిస్తాను" అన్నారు.

మొన్నామధ్య ఆవిడ కోడలు ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, అత్తయ్యకి మోకాళ్లు పట్టేసి పైగదిలోంచి దిగడం లేదండి. ఆదివారం చర్చికి వచ్చేవాళ్లని చూస్తారు కదాని శనివారం శనివారం నేనే కింద నుంచి బోరు పైపు పట్టి ఆ కిటికీ కడుగుతున్నాను. అంత పైకి సరిగ్గా అందడం లేదు. మీరోసారి రండి."

వెళ్లాం. ముందు టీచరుగారికి దణ్ణం పెడదామని మేడెక్కాను. ఆవిడ కుర్చీ కిటికీ వైపు లేదు, గోడ వైపు తిరిగి ఉంది.

"తలుపు దగ్గరగా వెయ్యరా" అన్నారు మెల్లిగా. "కోడలికి చెప్పకు. నా కంటి ఆపరేషన్ పాడైంది. దగ్గరవి కనబడుతున్నాయి గానీ ఎదురుగా ఉన్న చర్చి గంట కనబడటం లేదు. అంతా మంచు."

"డాక్టరుకి చూపించారా అండి?"

"చూపిస్తే మళ్లీ కొయ్యాలంటాడు. ఇంకో కన్నూ పోతే? ఉన్న ఈ కాస్తా ఉండనీ."

"అద్దం మురికేమో టీచర్."

"కోడలు వారం వారం కడుగుతూనే ఉందిరా. నీళ్ల చప్పుడు నేను వింటూనే ఉన్నాను. ఇంక తప్పు కళ్లది కాక ఎవరిది?"

నేను కిటికీ దగ్గరికెళ్లి చూశాను. నాకూ గంట కనబడలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. లేదు. ఒక్క క్షణం నా కళ్లూ పోయాయనుకుని, మా ఆవిడ మొహం చివరిసారి ఎప్పుడు స్పష్టంగా చూశానో గుర్తు చేసుకోబోయాను. అప్పుడు తెలిసింది. అద్దానికి బయటివైపు తెల్లటి పొర, సున్నం కొట్టినట్టు. అక్కడి బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. కడిగిన ప్రతి శనివారం ఇంకో పొర. కిటికీ తలుపు కూడా ఉప్పుకి బిగుసుకుపోయింది, జరపబోతే కదల్లేదు.

మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇది చూపు సంగతి. నా నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం లేదు. ఒకవేళ అద్దం బాగుపడ్డాక కూడా ఆవిడకి మంచే కనబడితే? నేరుగా కిందకి దిగాను.

నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు ముందు పట్టించి, నానబెట్టి, దోటి పైకి లేపాం. నేను అద్దం పగులుతుందేమోనన్నట్టు మెల్లిగా రుద్దుతున్నాను. "బావా, వీణ వాయిస్తున్నావా? గట్టిగా రుద్దు!" అని మా బావమరిది అరిచాడు. నాలుగుసార్లు రుద్దాం. చివర మా వడకట్టిన నీళ్లు వదిలాం. అంతలో కోడలు పాత చీరముక్క పట్టుకుని మేడమెట్ల వైపు పరిగెత్తింది.

"అమ్మా, ఆగు తల్లీ! తుడవకు!"

"తడి అలా వదిలేస్తే తెల్లగా మచ్చలు పడవాండీ?"

"అది బోరు నీళ్లయితేనమ్మా."

ఆ అమ్మాయి మెట్టు మీదే ఆగిపోయింది. "అంటే... నేను పట్టిన నీళ్లేనా?" అంది. నేను నీళ్లు కట్టేశాను. చీరముక్క చేతిలో నలుపుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది.

అద్దం ఆరడానికి ఒక యుగం పట్టింది. తర్వాత పైన కుర్చీ నేల మీద ఈడ్చిన చప్పుడు. నానిన కిటికీ తలుపు కిర్రుమంటూ పక్కకి జరిగింది.

"ఒరేయ్! గంటకి కొత్త తాడు ఎప్పుడు కట్టార్రా?"

నేను గంట వైపు చూశాను. తాడు నిజంగానే కొత్తది. మా బావమరిది తల తిప్పుకుని, చుట్టిన గొట్టాన్నే విప్పి మళ్లీ చుట్టాడు.

"ఇన్నాళ్లూ అద్దం మీద ఏంట్రా అది?" అన్నారు టీచరుగారు.

పక్కన కోడలు నా వైపు చూసింది.

"సముద్రపు గాలండి టీచర్. ఉప్పు పట్టేసింది."

"రేపల్లెలోనా?"

"ఈ మధ్య గాలి బాగా లోపలికొస్తోందండి. బాపట్ల మీదుగా."

యాభై ఏళ్లు పిల్లలకి మ్యాపు చూపించిన మనిషి. నన్ను చూశారు. కోడలి చేతిలో గుడ్డని చూశారు. బోరు పక్కన చుట్టిపెట్టిన పైపుని చూశారు. ఇప్పుడన్నీ కనబడుతున్నాయి కదా.

"కాకుల్లా మధ్యలో దిగి టిఫిన్ చేసి వచ్చిందేమోలే" అన్నారు. తర్వాత కోడలితో, "అమ్మాయ్, ఇక శనివారాలు ఆ పైపు జోలికి పోకు. పైకొచ్చి నా దగ్గర కూర్చో" అన్నారు.

గడియారం, పచ్చళ్ల ఉప్పు, నా జుట్టు, ఆవిడ యాభై ఏళ్లు, ఇవన్నీ నేను పెంచినవి. సగం మార్కులు నాకు రావాలి. నాలుగుసార్లు రుద్దామన్నది కూడా మూడే. కానీ సముద్రపు గాలి మాత్రం పుట్టించినదే. అది ఆవిడ మొహం మీదే పుట్టించాను.

బెంచీ ఎక్కమంటారేమోనని కాసేపు కిటికీ కిందే నిలబడ్డాను. ఆవిడ గంట వైపు చూస్తున్నారు. నన్ను పట్టించుకోలేదు.